సైరనుకు లేచే పిల్లోడు

1981

మార్చి 8

తెచ్చేశా. ఆళ్లగడ్డ నుంచి బస్సులో కరుణ ఒడిలో వాడు, నా ఒడిలో ఉయ్యాల గుడ్డలు, ఆముదం సీసా. మూడో నెల నిండబోతోంది. అత్త ఇంకా రెండు నెలలు పంపనంది. "మా పక్కింట్లో ఉలి దెబ్బకే ఉలికిపడతాండాడు నాయనా, మీ మిల్లు కాడ ఎట్ల పండుకుంటాడు?" నిజమే. పక్కన ఆచారి రాయి చెక్కుతుంటాడు. దెబ్బ పడ్డప్పుడల్లా వీడు రెండు చేతులూ గాల్లోకి విసురుతాడు. అత్త గోడ మీదుగా ఆచారిని తిడుతుంది.

అయినా తెచ్చేశా. నా కొడుకు. నా పెళ్లాం. మాడిన రొట్టె తింటూ ఎన్నాళ్లుండను?

మార్చి 9

ఆరింటికి మిల్లు సైరను. ఆ వెంటనే జిన్నులు మొదలు. గోడ అవతలే, ఇరవై నాలుగు, పత్తిని నమిలి గింజ ఉమ్మేస్తాయి. మా గది నేల అదురుతుంది. గూట్లో గ్లాసులు అదురుతాయి. వాడు గుక్క పట్టాడు. మధ్యాహ్నం తిండికొచ్చి చూస్తే రెండు చెవుల్లో దూది. కరుణ పెట్టింది. "మిల్లులో దూదికేం కరువు మామా" అంది. నవ్వుకున్నాం.

మార్చి 21

మెడ నిలబెట్టాడు. కరుణ ఊరంతా చెప్పింది. ఊరంటే మా లైన్లో పన్నెండు గదులు.

మార్చి 29

మిల్లులో నోటితో పని లేదు. జిన్నుల మధ్య ఎంత అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకే చేతులు. బొటనవేలు నోటికి పెడితే నీళ్లు. పిడికిలి ఎత్తితే జిన్ను ఆపు. మీసం మెలేస్తే మేస్త్రీ వస్తున్నాడు, బీడీ ఆర్పు. లైన్లోకి వచ్చాక కూడా ఎవరూ మానరు. ఆడవాళ్లూ అంతే, కుళాయి దగ్గర చేతులతోనే పోట్లాడుకుంటారు.

నా పక్క జిన్ను మీద పనిచేసే ఖాదరన్న సాయంత్రం వచ్చి వాడి ముందు మీసం మెలేశాడు. వాడు కళ్లు ఇంత చేసుకుని చూసి... నవ్వాడు. నోరంతా. పళ్లు లేని నవ్వు. "చూడప్పా, నీ కొడుకు పుట్టు ఫిట్టరు" అన్నాడు ఖాదరన్న.

ఏప్రిల్ 5

బాప్తిస్మం. పేరు రాజు. పాస్టరు నీళ్లు చల్లితే ఏడవలేదు. గంట కొడితే ఏడ్చాడు.

ఏప్రిల్ 19

ఒళ్లు కాలుతోంది. పాలు పట్టడు. తడిగుడ్డ వేశాం. తగ్గదు.

ఏప్రిల్ 20

తెల్లవారి ఫిట్సు వచ్చాయి. కట్టెలాగా బిగుసుకుపోయాడు, కళ్లు పైకి. కరుణ అరిచిన అరుపు జిన్నుల్లో ఎవరికీ వినపడలేదు. కిటికీలోంచి పిడికిలి ఎత్తి ఊపింది. ఆపు, ఆపు అని. అది చూసి పరుగెత్తా.

కబురందిన మొదటి బస్సుకే అత్త వచ్చింది. వచ్చీ రాగానే పొయ్యిలో గాజు ముక్క పెట్టింది. "వాత పెట్టాల. నీ మొగునికి గూడ పెట్టినారులే, నడుం కాడ చూసుకోమను" అంటోంది కరుణతో. ఆ మచ్చ నాకు తెలుసు. మా అమ్మ పెట్టించింది. కాలుతున్న గాజు ముక్కను పట్టుకారుతో తీసి బయటికి విసిరా. "బిడ్డను ముట్టుకుంటే చేతులిరుగుతాయి" అన్నా. అత్తను. ఆ మాట అనాల్సింది కాదు. అన్నా.

బిడ్డను ఎత్తుకుని సూది డాక్టరు దగ్గరికి. పోవడమంటే పరుగే.

ఏప్రిల్ 21

రెండు సూదులు. జ్వరం దిగలేదు. పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. కర్నూలు దాకా బస్సులో ఈ ఒంటితోనా? దారిలో పోతే? "ఇంతకంటే గట్టిది లేదా?" అన్నా. "ఉంది, పసిబిడ్డకు..." అన్నాడు. "గట్టిదే వెయ్యి" అన్నా. బల్ల మీద కొట్టి మరీ.

ఏప్రిల్ 22

పొద్దున ఒకటి. సాయంత్రం ఒకటి.

ఏప్రిల్ 24

రెండు.

ఏప్రిల్ 26

రెండు. తొడలు గట్టిపడ్డాయి. సూది గుచ్చినా ఏడ్చే ఓపిక లేదు వాడికి. డాక్టరు ఆపుదామన్నాడు. ఒద్దన్నా. జ్వరం ఇంకా పూర్తిగా పోలేదు.

ఏప్రిల్ 30

పోయింది. ఒళ్లు చల్లగా ఉంది. చన్ను పట్టాడు. కరుణ ఏడుస్తూ పాలిచ్చింది. అత్త ముందు నిలబడి అన్నా — "చూసినావా, వాత లేకుండానే." అత్త గుడ్డలు సర్దుకుంది. మూట కట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది.

నేను గెలిచా.

మే 6

ఆ సూది మందు సీసాలు అడిగి తెచ్చా. చిన్నవి, రబ్బరు మూత. ఒకటి వేన్నీళ్లతో కడిగి ఆముదం గింజలు నాలుగు పోసి మూత బిగించా. గిలక. వాడి చేతికిచ్చా. వాడు ఊపడు. నోట్లో పెట్టుకుని చీకుతాడు.

సీసా మీది పేరు చదివా. ఇంగ్లీషు అక్షరాలు నేను పత్తి బేళ్ల మీద అచ్చులు చూసి నేర్చుకున్నవి. అక్షరాలు వచ్చు, మాట రాదు. నోరు తిరగని పేరు.

మే 15

బోర్లా పడ్డాడు. ఆలస్యమే, జబ్బు చేసింది కదా. ఒకసారి పడ్డాక ఇక ఆగడు. వెల్లకిలా తిప్పితే మళ్లీ బోర్లా. మొండి. ఎవరి పోలికో.

మే 22

ఇప్పుడు మిల్లుకు ఏడవడు. సైరనుకు టక్కున లేస్తాడు, కళ్లు విప్పి పైకి చూస్తాడు, అంతే. "సూదులు తిని ధైర్యం వచ్చిందప్పా నీ కొడుక్కి" అంటాడు ఖాదరన్న. లైన్లో అందరికీ చెప్పుకున్నా, మావాడు సైరనుకు లేస్తాడు, మీ గడియారాలు దండగ అని. దూది పెట్టడం ఎప్పుడో మానేశాం.

మే 30

పొద్దున కరెంటు లేదు. వాచ్‌మన్ చేతి సైరను తిప్పాడు. మా కిటికీ కిందే తిప్పాడు, నా పళ్లు జివ్వుమన్నాయి. జిన్నులు నడవలేదు.

వాడు లేవలేదు. తొమ్మిదింటి దాకా పడుకున్నాడు. "పాపం, ఇన్నాళ్లకు నెమ్మదిగా నిద్ర పట్టింది" అంది కరుణ.

జూన్ 12

సీజను అయిపోయింది. మిల్లు మూత, మళ్లీ పత్తి వచ్చే దాకా. చెవుల్లో ఏదో ఊడిపోయినట్టుంది. పక్క గది దగ్గు కూడా వినపడుతోంది. కరుణ, వాడు ఆళ్లగడ్డకు. అక్కడ చేలల్లో పని దొరుకుతుంది. నేను ఇక్కడే, వడ్ల బస్తాలు మోస్తా.

జూన్ 28

గది ఖాళీ. గూట్లో గిలక మర్చిపోయారు.

జులై 9

కరుణ కార్డు. మిషను బడిలో ఏడు చదివింది, ముత్యాల్లాంటి రాత. "రాజు పట్టుకోకుండా కూర్చుంటున్నాడు. కింద పన్ను. అమ్మ ఒకటి అంటోంది. కార్డులో రాయను. నువ్వు రా."

ఒకటి అంటే ఏంది? మళ్లీ వాతా? ఈసారి ఊరుకోను.

జులై 12

ఆళ్లగడ్డ.

పోతూనే అత్త మీదికి లేచా. "నా బిడ్డకు ఏం పెట్టినావు?" అత్త నా వంక చూడలేదు. వాణ్ణి చంకనెత్తుకుని గోడ దగ్గర నిలబడి, "ఆచారప్పా, ఇందాకటి మాదిరి ఒకతూరి కొట్టు" అంది.

ఆచారి పెద్ద గుండుకు ఆప్పు, రాయి పగలగొట్టే ఇనప చీల, పెట్టి సమ్మెట ఎత్తాడు. దెబ్బ. రాయి రెండుగా పగిలింది. కోళ్లు చెల్లాచెదురు. నేనే అదిరిపడ్డా.

వాడు అత్త చెవి కమ్మ పట్టుకుని ఆడుకుంటున్నాడు. రెప్ప కూడా కదల్లేదు.

"మూడో నెల్లో ఉలి దెబ్బకే ఉలికిపడతాండె" అంది అత్త. అంతే అంది.

జులై 13

ఒప్పుకోలేదు నేను. వాణ్ణి నేల మీద కూర్చోబెట్టి, వెనక నుంచి పళ్లెం మీద గరిటెతో బాదా. తిరిగాడు. "చూడు. తిరిగె. విన్యాడు" అన్నా. కరుణ నన్నే నమ్మింది. నవ్వింది కూడా.

ఆచారి గోడ మీద మోచేతులు పెట్టి అంతా చూస్తున్నాడు. పిలిచాడు. "ఇట్ల పట్టుకరా అప్పా." వాణ్ణి తను చెక్కుతున్న రాతి మీద కూర్చోబెట్టమన్నాడు. కూర్చోబెట్టా. ఆ చివర ఉలితో చిన్న దెబ్బ వేశాడు. వాడు వంగి రాయి వంక చూశాడు. మళ్లీ దెబ్బ, మళ్లీ చూశాడు. "ఇప్పుడు ఎత్తుకో." ఎత్తుకున్నా. అదే చోట, రెండింతల దెబ్బ. ఏమీ లేదు. నా చొక్కా గుండీ చీకుతున్నాడు.

"రాతిలో దెబ్బ ఎరుగుతాండాడు. చెవిలో కాదు" అన్నాడు ఆచారి. "నువ్వు పళ్లెం నేలకానిచ్చి కొట్టినావప్పా."

సైరనుకు లేవలేదు వాడు. ఏనాడూ. జిన్నులకు లేచాడు. నేల అదిరితే లేచాడు.

జులై 14

బస్తాలు మోయలేదు. ఎవడితోనో గొడవ పడ్డా. ఎందుకో గుర్తులేదు.

జులై 26

పాస్టరు వచ్చి చెవుల మీద చేతులుంచి ప్రార్థన చేశాడట. అత్త వస కొమ్ము అరగదీసి నాలుకకు రాస్తోందట. "మాటకు మంచిది" అంటుందట. విననివాడికి మాట ఎక్కడ నుంచి వస్తుంది? రాయనీ. ఇప్పుడు నేను అత్తకు ఏం చెప్పగలను?

ఆగస్టు 3

సూది డాక్టరు దగ్గరికి పోయా. కొట్టడానికే పోయా. జనం ఉన్నారు. "ఆ సూదులతో నా కొడుకు చెవులు తీసినావు" అన్నా. ఆయన లేవలేదు. భయపడలేదు కూడా. "పెద్దాసుపత్రికి పొమ్మన్యా. పోలే. ఒద్దంటాంటే గట్టిది అడిగింది ఎవరప్పా? ఆపుదామంటే ఒద్దన్నెది ఎవరు?" అందరి ముందూ అడిగాడు. తర్వాత మెల్లగా, "బిడ్డ బతికినాడు గదా" అన్నాడు.

వచ్చేశా. ఇంత కోపం ఎక్కడ పెట్టుకోను?

ఆగస్టు 30

పాకుతున్నాడట. రెండు పళ్లు.

సెప్టెంబరు 13

ఆళ్లగడ్డ. ఈరోజు కళ్లతో చూశా. వాడు గడప దాటి సందులోకి పాకాడు. వెనక నుంచి కంకర బండి. బండివాడు అరుస్తున్నాడు, ఎద్దు మెడలో గంటలు. వాడు మట్టిలో చీమను పట్టుకోబోతున్నాడు. కరుణ దూకి లాక్కుంది. బండివాడు, "చెవుడా ఏమి పిల్లోనికి?" అన్నాడు. మామూలుగా. ఎవరినైనా అనే మాటే.

కరుణ వాణ్ణి గట్టిగా పట్టుకుని నాతో అంది — "కర్నూలుకు తీసుకపోతావా, నన్నే పొమ్మంటావా?"

నేను ఇన్ని రోజులు ఎందుకు పోలేదో నాకు తెలుసు. డాక్టరు సీసా చూపించమంటాడు.

అక్టోబరు 6

కర్నూలు. చెవి డాక్టరు, ముసలాయన. గంట, డప్పు, కొడితే మోగే ఇనప పట్టుకారు లాంటిదేదో. వాడు అన్నింటినీ నోట్లో పెట్టుకోవాలని చూశాడు. ఒక్కసారి, పెద్ద డప్పుకు, ఆడుకుంటున్నవాడు ఆగాడు. కరుణ నా చెయ్యి పట్టేసింది. డాక్టరు మళ్లీ కొట్టాడు. ఈసారి లేదు. మళ్లీ. లేదు.

"ఏం సూదులు వేశారు?" గిలక తీసి బల్ల మీద పెట్టా. లోపల గింజలు. ఆయన అద్దాలు సర్దుకుని చదివాడు. "ఎన్ని?" "పది రోజులు. రోజుకు రెండు." ఆయన సీసా కింద పెట్టాడు. "ఆ జ్వరం మెదడు పొరలకు ఎక్కినా చెవి పోవచ్చు. ఈ మందు ఎక్కువైనా పోవచ్చు. ఏది చేసిందో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు."

ఆ గిలకను ఆయన వాడికే తిరిగిచ్చాడు.

కొంచెం మిగిలి ఉండొచ్చట. ఉండకపోనూవచ్చట. ఏడాదిన్నర నిండాక మళ్లీ చూస్తాడట. అప్పటిదాకా ఒకటే పని. ముఖానికి ముఖం పెట్టి, వెలుతురులో, నోరు బాగా తెరిచి మాట్లాడాలి. "చేతులు మాత్రం వాడకండి. చేతులకు అలవాటు పడితే నోరు కదపడు. ఇక ఎప్పటికీ మాట్లాడడు."

కరుణ నా వంక చూసింది. మా లైను గుర్తొచ్చింది ఇద్దరికీ.

అక్టోబరు 7

బస్సులో దారంతా కరుణ వాడి ముందు నోరు తెరుస్తూ ఉంది. "అమ్మా. అమ్మా. అమ్మా." డోన్ పోవాల్సిన ముసలామె ఒకతె తప్పు బస్సెక్కి, ఆ గోల మధ్యలోనూ అడిగింది — "ఏందమ్మా, అన్నిసార్లు చెప్తాండావు?" కరుణ వాడి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "అమ్మా" అంది వాడితో.

నవంబరు 15

మిల్లు తెరిచారు. వాళ్లను తెచ్చా. వేరే గది చూద్దామంది కరుణ, చేతులు లేని చోట. ఎక్కడ?

లైన్లో అందర్నీ నిలబెట్టి చెప్పా. వాడి ముందు ఎవరూ చేతులు ఎత్తొద్దని. ఎత్తితే బాగుండదని కూడా అన్నా. ఆడవాళ్లు తలూపారు. ఖాదరన్న చేతులు చంకల్లో పెట్టుకుని, "అట్లనే కట్టేసుకుంటాంలేప్పా. గోకుడు వస్తే నువ్వొచ్చి గోకు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత అందరూ నవ్వారు. నేను తప్ప.

నవంబరు 16

సైరను. జిన్నులు. నేల అదిరింది. వాడు లేచి కూర్చుని నన్ను చూసి నవ్వాడు. పాత స్నేహితుడు వచ్చినట్టు. నేల మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు చాలాసేపు.

నవంబరు 24

గోడ పట్టుకుని నిలబడ్డాడు.

నవంబరు 27

మేస్త్రీ లైన్లోకి వచ్చాడు, కుళాయి గొడవ తీర్చడానికి. వాడు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మేస్త్రీని చూశాడు. రెండు వేళ్లు ముక్కు కింద పెట్టి మెలేశాడు.

లైనంతా నవ్వు బిగబట్టింది. మేస్త్రీ "ఏందిది?" అన్నాడు. ఖాదరన్న, "జలుబప్పా బిడ్డకు" అన్నాడు. మేస్త్రీ పోయాక చూడాలి. కుళాయి దగ్గర ఆడవాళ్లు కూర్చుండిపోయారు నవ్వలేక. ఎవడు నేర్పాడు? ఎవరూ నేర్పలేదట. కిటికీలోంచి చూస్తాడు కదా రోజంతా.

నేను అరిచా. "ఎన్నిసార్లు చెప్పాల మీకు?" ఖాదరన్న నవ్వు ఆపి అన్నాడు — "అది మాట గదప్పా. మేస్త్రీ అన్నాడు వాడు. మేస్త్రీ వస్తేనే అన్నాడు. నీ కొడుకు మాట్లాడితే ఎందుకు కొట్టుకుంటావు?"

కరుణ లోపల వాడి రెండు చేతులూ తన చేతుల్లో పట్టుకుని కూర్చుంది. వాడి ముఖం తన వైపు తిప్పుకుని, "అమ్మా" అంటోంది. వాడు చేతులు లాక్కుంటున్నాడు. "మేస్త్రీ అని పిలిచెనంట. నన్ను పిలవద్దా మామా?" అంది.

డిసెంబరు 4

రెండు అడుగులు వేశాడు. ఖాదరన్న దగ్గర నుంచి నా దగ్గరికి. పడ్డాడు. ఏడవలేదు. 

డిసెంబరు 11

ఏడాది నిండింది. అత్త బొరుగులు, బెల్లం తెచ్చింది. పాస్టరు పాట పాడాడు. వాడు పాస్టరు గొంతు మీద చెయ్యి పెట్టి పాట అయ్యేదాకా తియ్యలేదు. అత్త పొయ్యేటప్పుడు గుమ్మంలో ఆగింది. నేనే అన్నా, "ఆ పొద్దు నిన్ను అట్ల అనకుండా ఉండాల్సింది." "వాత పెట్టింటే మచ్చ పడుండు. జ్వరం పోతుండెనో లేదో యెవరికి తెలుసు నాయనా" అంది. బస్సుకు టైమైందని పోయింది.

కరుణ గూట్లోంచి గిలక తీసి బావిలో వేసి వచ్చింది. నాకు చెప్పి వేయలేదు.

డిసెంబరు 14

మధ్యాహ్నం. జిన్నులు నడుస్తున్నాయి. కరుణ షెడ్డు గుమ్మం దగ్గరికి తిండి తెచ్చింది, చంకలో వాడు. దూది గాల్లో ఎగురుతోంది, వాడి రెప్పల మీద కూడా. నన్ను చూశాడు. ఎగిరాడు. తర్వాత బొటనవేలు నోటికి పెట్టాడు.

నీళ్లు.

ఎవరినో చూసి ఆడుకోవడం కాదు. దాహం. పెదాలు ఎండి ఉన్నాయి. నా వంకే చూస్తూ, నన్నే అడుగుతున్నాడు.

దగ్గరికి పోయి వంగి, డాక్టరు చెప్పినట్టు నోరు బాగా తెరిచి "నీళ్లు" అన్నా. ఆ రొదలో నా మాట నాకే వినపడలేదు. "నీళ్లు." వాడు నా నోరు చూశాడు. తర్వాత నా చేతుల కోసం వెతికాడు. చేతులు వెనక ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి పట్టుకుని.

మళ్లీ బొటనవేలు.

కరుణ వద్దని తల ఊపింది. ఆమె కళ్లలో నీళ్లు. ఖాదరన్న జిన్ను వైపు తిరిగి నిలబడ్డాడు, లేని పని చేస్తూ. కుండ నా పక్కనే ఉంది, మూత మీద గ్లాసు. గ్లాసు ఇవ్వడం ఎంతసేపు. కానీ వాడు గ్లాసు వంక చూడడం లేదు. నేను విన్నానా లేదా అని చూస్తున్నాడు.

వాడు వేలు దించలేదు.